చేత్తో 35 ఎం.ఎం. సినిమా ప్రింట్ (ఫిల్మ్ రీళ్ళు) శుభ్రం చేయడం, అంచులకు మైనం పట్టించడం: అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కృష్ణాతీరం | మే 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది దివిసీమ. 1977 ఉప్పెనలో మా తాతయ్య టూరింగ్ టాకీస్ డేరా కొట్టుకుపోయింది. ఆ తర్వాత అదే స్థలంలో రేకుల హాలు కట్టుకున్నారు. ఆ హాలు మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దాన్ని పడగొట్టి కల్యాణ మండపం కడుతున్నాం.

ఆపరేటర్ రూమ్ ఖాళీ చేస్తుంటే మెట్ల కింద రెండు రేకు పెట్టెలు దొరికాయి. ఒక్కోదాంట్లో ఏడు డబ్బాలు, మొత్తం 14 రీళ్ళు. రంగుల ప్రింట్, 35 ఎం.ఎం. మొదటి రీల్లో సెన్సార్ సర్టిఫికెట్ మీద 1983 అని ఉంది. మూడు డబ్బాలు తెరిచి చూశాను. ఫిల్మ్ మీద సన్నటి బూడిద రంగు దుమ్ము, అక్కడక్కడా నల్లటి జిడ్డు, చివర్లలో వేలిముద్రలు.

తాతయ్యకు 86. పెట్టెలు చూసిన రోజు నుంచి ఒకటే అడుగుతున్నారు, ఒక్క రీలైనా తెర మీద వేసి చూపించరా అని. తెనాలి దగ్గర ఒకాయన ఇంట్లో జెనాన్ దీపం ఉన్న ప్రొజెక్టర్ పనిచేసే స్థితిలో ఉంది. ఆయన సరే అన్నారు గానీ, మురికి ప్రింట్ తన మిషన్‌లో పెట్టనన్నారు. న్యాయమే.

రీళ్ళు చుట్టే రివైండర్ బల్ల మా దగ్గరే ఉంది. ఏ ద్రవంతో తుడవాలి? ఏ గుడ్డ వాడాలి? తుడిచాక నూనె లాంటిదేమైనా పట్టించాలా? దయచేసి వివరంగా చెప్పండి.

సింగిల్‌స్క్రీన్ | మే 4, రాత్రి 9:40

బ్రో, అదృష్టం మీది! మా ఊళ్ళో పండక్కి పాత బొమ్మ తెచ్చినప్పుడు ఆపరేటర్ దూదికి కొబ్బరి నూనె అద్ది రీలంతా లాగేవాడు. తెర మీద వాన, అదే ఆ గీతలు, సగానికి సగం తగ్గేది. నేను కళ్ళారా చూశాను. ముందు కిరోసిన్‌తో తుడిచి, తర్వాత కొబ్బరి నూనె పట్టించండి.

కార్బన్‌కడ్డీ | మే 4, రాత్రి 11:05

కృష్ణాతీరం బాబూ, ముందు ఏ సీసా మూతా తీయొద్దు. తెనాలి, గుంటూరు హాళ్ళలో 31 ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను, అందుకే ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను.

సింగిల్‌స్క్రీన్ తమ్ముడు చూసింది అబద్ధం కాదు. గీతలో నూనె నిండితే వెలుగు అక్కడ చెదరదు, నేరుగా పోతుంది, వాన తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ రెండో ఆటకే ఆ నూనె ప్రొజెక్టర్ గేటు (దీపం ముందు ఫిల్మ్ జారే సందు) మీదికి, ఫిల్మ్‌ను లాగే స్ప్రాకెట్ చక్రాల పళ్ళ మీదికి, సౌండ్ దగ్గరున్న చిన్న లెన్స్ మీదికి పాకుతుంది. మాటలు మసకబారతాయి. పెట్టెలో పెట్టి నెల తర్వాత తీస్తే ఆ నూనెకు దుమ్మంతా పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది. మళ్ళీ ఆడిస్తే ఉన్న గీతలకు కొత్త గీతలు తోడు. అలాంటి ప్రింట్లు నా దగ్గరికి చాలా వచ్చేవి. పెట్టె మూత తీయగానే ముక్కిపోయిన నూనె వాసన కొట్టేది. ఆ జిడ్డు వదిలించడానికి రాత్రంతా కూర్చునేవాళ్ళం. కిరోసిన్ కూడా ఆరాక జిడ్డు మిగులుస్తుంది. దాని జోలికి వెళ్ళొద్దు.

నువ్వు రేపు చేయాల్సింది ఒక్కటే. 14 డబ్బాలూ ఒక్కోటి తెరిచి వాసన చూడు. మిగతా విషయాలు తర్వాత.

ల్యాబ్‌లైట్ | మే 5, ఉదయం 7:30

కార్బన్‌కడ్డీ గారు చెప్పినట్టు వాసనతోనే మొదలుపెట్టండి. నేను చెన్నైలో ప్రింటింగ్ విభాగంలో పనిచేశాను, నెగెటివ్‌లు, ప్రింట్లు రెండూ చేత్తో చూసినవాణ్ని.

1983 ప్రింట్ అంటే దాదాపు కచ్చితంగా అసిటేట్ బేసు (బొమ్మ పొరను మోసే ప్లాస్టిక్ పట్టీ). అంచు మీద సేఫ్టీ అనే అక్షరాలు సన్నగా కనిపిస్తాయి, భూతద్దంతో చూడండి. రీలును పక్కకు తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకుంటే అసిటేట్ చుట్ట మొద్దుగా, వెలుగు రానివ్వకుండా ఉంటుంది. పాలియెస్టర్ అయితే చుట్ట లోపలి నుంచి వెలుగు మెరుస్తుంది. ఇది తెలియడం ముఖ్యం, ఎందుకంటే అసిటేట్‌కు ఫిల్మ్ సిమెంట్ అనే జిగురుతో జాయింట్ వేయొచ్చు, పాలియెస్టర్‌కు సిమెంట్ పట్టదు, టేపే గతి. మీ ప్రింట్‌లో నైట్రేట్ (పాతకాలపు, తేలిగ్గా అంటుకునే బేసు) ఉండే అవకాశం లేదు. దాని తయారీ 1950ల మొదట్లోనే ఆగిపోయింది. ఇది చదివే వేరేవాళ్ళెవరికైనా అంతకంటే పాత రీళ్ళు దొరికితే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. నైట్రేట్ అంటుకుంటే నీళ్ళలో కూడా మండుతుంది. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్ని ప్రమాదంలో పాత నైట్రేట్ రీళ్ళు ఎన్ని పోయాయో మాలాంటి వాళ్ళం ఇప్పటికీ తలుచుకుని బాధపడతాం.

ఇక వాసన. అసిటేట్ చెడిపోతుంటే వెనిగర్ వాసన వస్తుంది. బేసు విరిగి అసిటిక్ ఆమ్లం వదులుతుంది కాబట్టి. అలాంటి రీలును మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి, ఆ ఆవిరి పక్క రీళ్ళను కూడా పాడు చేస్తుంది.

ఇంకో పరీక్ష. తెనాలి ఆయన్ని అడిగి కొత్త లీడర్ ఫిల్మ్ (రీలు మొదట్లో ఉండే బొమ్మ లేని ఫిల్మ్) రెండడుగుల ముక్క తెచ్చుకోండి. పాత ఫిల్మ్‌ను దాని పక్కన పెట్టి, అంచు మీది మొదటి కన్నం మొదటి కన్నానికి కలిపి, 100 కన్నాలు లెక్కపెట్టండి. కన్నం నుంచి కన్నానికి 4.75 మిల్లీమీటర్లు, అంటే వంద కన్నాలకు 475. వందో కన్నం దగ్గర పాత ఫిల్మ్ సరిగ్గా ఒక కన్నం దూరం వెనకబడితే అది ఒక శాతం కుంచించుకుపోయినట్టు. దాన్ని ప్రొజెక్టర్‌లో పెట్టకూడదు. స్ప్రాకెట్ పళ్ళు కన్నాలను చీల్చేస్తాయి. అర కన్నం దాటినా జాగ్రత్త పడాల్సిందే.

కృష్ణాతీరం | మే 7, సాయంత్రం 6:20

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను.

12 డబ్బాల్లో మామూలు పాత వాసన. 9వ రీలులో సన్నగా పులుపు. 13వ రీలు మూత తీయగానే ఊరగాయ జాడీలో తల పెట్టినట్టు ఘాటు. ఆ రెండింటినీ వేరే గదిలో పెట్టాను. కన్నాలు కూడా కొలిచాను. 13వ రీలు ఒక కన్నం కంటే ఎక్కువే వెనకబడింది, పైగా ఫిల్మ్ అలలు తిరిగి ఉంది. 9వ రీలు అర కన్నం దగ్గర ఉంది. మిగతావి పావు కన్నం లోపే.

తాతయ్య మంచం పక్కన కూర్చునే కొలిచాను. లెక్క ఆయనే పెట్టారు, ఒకటి, రెండు అని బయటికి చదువుతూ. 13వ రీలు సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అది క్లైమాక్స్ ముందు రీలు” అన్నారు.

ఓరుగల్లు_కెమిస్ట్రీ | మే 7, రాత్రి 8:15

నేను వరంగల్‌లో రసాయన శాస్త్రం చెబుతాను. సినిమా ప్రింట్ల గురించి నాకు మీ అంత తెలియదు గానీ ద్రవాల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే మనిషికే ప్రమాదం.

అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెయింట్ థిన్నర్ వద్దు. అసిటోన్ అసిటేట్ బేసును పాడు చేస్తుంది. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీళ్ళు ఉంటాయి. ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) అంటే జిలాటిన్, నీళ్ళు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. బూజు పట్టిన చోట అయితే జిలాటిన్ ముందే చితికి ఉంటుంది, తడి తగిలితే బొమ్మే ఊడి గుడ్డకు వస్తుంది. బూజు కనిపిస్తే పొడిగా తప్ప ముట్టుకోకండి. హెక్సేన్ కొందరు వాడతారు, అది నరాలను దెబ్బతీస్తుంది. వద్దు.

ఇంట్లో వాడగలిగింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది, సీసా మీద శాతం చూసి కొనండి. ముందు రీలు చివర, బొమ్మ లేని చోట, ఒక అంగుళం మీద పరీక్షించండి. గుడ్డకు రంగు అంటితే ఆపేయండి. ఇది మండే ద్రవం. 12 డిగ్రీల దగ్గరే మంట పట్టుకునేంత ఆవిరి వస్తుంది. మన మే నెలలో సీసా మూత తీసి ఉంచడమంటే గదిలో మంటకు సిద్ధంగా ఆవిరి నింపుకోవడమే. అందుకని వరండాలో, ఫ్యాన్ లేకుండా, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

ఇంకో మాట. పాత సామాన్లలో సి.టి.సి. అని రాసిన సీసా దొరికితే వాడకండి. అది కార్బన్ టెట్రాక్లోరైడ్.

కార్బన్‌కడ్డీ | మే 7, రాత్రి 10:30

మాస్టారు చెప్పింది నిజం. మేం వాడింది సి.టి.సి.నే. తియ్యటి వాసన. మంట పట్టుకోదు, చిటికెలో ఆరిపోతుంది, జిడ్డు అలా వదిలేది. ప్రొజెక్టర్‌లో నిప్పులా మండే ఆర్క్ లాంప్ పక్కన కూర్చుని గుడ్డ ముంచి లాగేవాళ్ళం. కిటికీ కూడా తెరిచేవాళ్ళం కాదు, తెర మీద వెలుగు పడుతుందని. దాని సంగతి అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

రివైండర్‌పిల్ల | మే 8, ఉదయం 6:50

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్న గుడివాడ వైపు ఆపరేటర్. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆదివారాలు నన్ను రూమ్‌కు తీసుకెళ్ళేవారు. రివైండర్ తిప్పడం నా పని, గుడ్డ పట్టుకోవడం ఆయన పని. “మెల్లగామ్మా, మెల్లగా” అనేవారు. ఆయన బొటనవేలు గోరు ఎప్పుడూ తెల్లగా, పగుళ్ళు పట్టి ఉండేది. ఇంటికొచ్చాక కూడా ఆయన చొక్కాకు ఆ తియ్యటి వాసన ఉండేది, నాకు అది నాన్న వాసన అనిపించేది. ఆయన 52 ఏళ్ళకే లివర్ పాడై పోయారు. తాగుడు అలవాటూ ఉంది, అందుకని అందరూ తాగుడే అన్నారు. మాస్టారూ, రెండింటికీ సంబంధం ఉంటుందా?

ఓరుగల్లు_కెమిస్ట్రీ | మే 8, ఉదయం 8:10

అమ్మా, మీ నాన్నగారి విషయంలో ఇదే కారణం అని నేను చెప్పలేను. కానీ సంబంధం ఉందన్నది శాస్త్రం ఎప్పుడో తేల్చిన విషయం. కార్బన్ టెట్రాక్లోరైడ్ నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మద్యం తీసుకునేవాళ్ళలో ఆ దెబ్బ ఎన్నో రెట్లు పెరుగుతుంది. బాగా వేడెక్కిన చోట అది ఫాస్‌జీన్ అనే విషవాయువుగా కూడా మారుతుంది. ఆర్క్ లాంప్ పక్కన వాడడం ఎంత ప్రమాదమో చూడండి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశంలో 2010 నాటికి దాన్ని ఇలాంటి వాడకాలకు పూర్తిగా ఆపేశారు. అది ఓజోన్ కోసం ఆగింది, ఆపరేటర్ల కోసం కాదు. అందుకే ఈ విషయం క్యాబిన్‌లలో పనిచేసినవాళ్ళ వరకు రాలేదు.

రివైండర్‌పిల్ల | మే 8, ఉదయం 8:25

చాలు మాస్టారూ. తెలియడమే నాకు పెద్ద విషయం.

కృష్ణాతీరం గారూ, 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు హైదరాబాద్‌లో ఫిల్మ్ పరిరక్షణ వర్క్‌షాప్ పెట్టారు. ఫిల్మ్‌ను చేత్తో పరిశీలించడం, జాయింట్లు సరిచేయడం కుర్రవాళ్ళకు నేర్పించారు. నాన్న పని ఒక చదువుగా చెబుతున్నారని తెలిసిన రోజు నేను ఏడ్చాను. ఆ రెండు చెడిన రీళ్ళ కోసం వాళ్ళనో, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌నో అడగండి. పారేయొద్దు.

కార్బన్‌కడ్డీ | మే 8, మధ్యాహ్నం 2:40

సరే, ఇక పని చెబుతాను. ద్రవం మాస్టారు చెప్పిందే వాడు. నేను గుడ్డ గురించి చెబుతాను, ఎందుకంటే ప్రింట్‌ను పాడుచేసేదీ బాగుచేసేదీ గుడ్డే.

ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల మల్లు పంచె తీసుకో. గంజి పెట్టింది వద్దు. జరీ ఉంటే అంచు మొత్తం కత్తిరించి పారెయ్. జరీ పోగు ఒక్కటి తగిలినా వెయ్యి అడుగుల గీత పడుతుంది. తెలుపే ఎందుకంటే మురికి కనపడాలి. అరచేయంత ముక్కలు ఓ యాభై చేసుకో, తక్కువైతే ఎక్కువసేపు ఒకటే వాడాలనిపిస్తుంది.

మొదట అసలు తుడవడమే లేదు. గుడ్డ లేకుండా, ఒట్టి వేళ్ళతో, ఒక్కో రీలూ మెల్లగా తిప్పు. ఎడమ చేతి బొటనవేలూ చూపుడు వేలూ ఫిల్మ్ రెండు అంచుల మీద ఉంచు, నొక్కకుండా. చినిగిన కన్నం వస్తే వేలికి ముల్లులా తగులుతుంది. జాయింట్ వస్తే మెట్టులా తగులుతుంది. అక్కడ ఆగి కాగితం ముక్క పెట్టి ముందుకు పో. ఎవరో సెల్లోటేపు అతికించి ఉంటే దాని జిగురు పక్క చుట్లకు పాకి ఉంటుంది, అది తీసి సరైన జాయింట్ వెయ్యాలి. ఈ మరమ్మతులయ్యాకే గుడ్డ పట్టాలి. చినిగిన కన్నం మీద గుడ్డ పోనిస్తే అంగుళం చిరుగు అడుగవుతుంది.

తర్వాత పొడి గుడ్డతో ఒకసారి. గుడ్డను మధ్యకు మడిచి ఫిల్మ్ దాని మధ్యలోంచి పోయేలా పట్టుకో, కోడిగుడ్డు పట్టుకున్నంత నెమ్మదిగా. యాభై అడుగులకోసారి మడత మార్చు. గుడ్డ మీద నల్ల గీత కనపడిందంటే ఆ గీతలో ఇసుక ఉన్నట్టే, అదే గీత ఇంకో యాభై అడుగులు లాగితే ఫిల్మ్ మీద పడుతుంది.

ఆ తర్వాత తడి గుడ్డ. పిండితే చుక్క కారకూడదు. గుడ్డకూ అవతలి స్పూలుకూ మధ్య మూడడుగుల దూరం ఉంచు, ఫిల్మ్ స్పూలు చేరేలోపు ఆరిపోవాలి. చుట్టలోకి తడి మెరుపు పోతోందంటే నువ్వు తొందరపడుతున్నట్టు. సెకనుకు ఒక అడుగు మించొద్దు. వెయ్యి అడుగుల రీలు తెర మీద 11 నిమిషాలు. నీకు ఒక్కో విడతకు 17 నిమిషాలు పడుతుంది, ఆగడాలతో కలిపి రీలుకు గంటన్నర వేసుకో.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. చుట్ట వదులుగా ఉందని కొస పట్టుకుని లాగి బిగించొద్దు. మన హాళ్ళలో సగం వాన అలా పుట్టిందే. లోపలి చుట్లు ఒకదాని మీద ఒకటి జారి, మధ్యలో ఉన్న దుమ్ముతో గీసుకుంటాయి. వదులైతే మళ్ళీ మొదటి నుంచి చుట్టు.

మంచుఊరు | మే 9, తెల్లవారుజాము 4:05

అమెరికాలోని రోచెస్టర్ నుంచి రాస్తున్నాను, మాది అసలు కాకినాడ. ఇక్కడి ఈస్ట్‌మన్ మ్యూజియంలో డ్రైడెన్ థియేటర్ అని ఉంది, ఇప్పటికీ నైట్రేట్ ప్రింట్లు తెర మీద వేయడానికి అనుమతి ఉన్న కొద్ది హాళ్ళలో అదొకటి. నేను అక్కడ ప్రేక్షకుణ్ని మాత్రమే. ఇంట్లో సొంతంగా 16 ఎం.ఎం. రీళ్ళు కొన్ని ఉన్నాయి, చేత్తోనే శుభ్రం చేసుకుంటాను.

లూబ్రికేషన్ గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు. ఇక్కడ ప్రింట్లు సేకరించేవాళ్ళలో చాలామంది ఫిల్మ్‌గార్డ్ అనే ద్రవం వాడతారు. అది ఆరిపోదు, సన్నటి పొరలా నిలిచి గీతలను కొంత నింపుతుంది, గేటులో ఫిల్మ్ మెత్తగా పోతుంది. ఎక్కువైతే తెర మీద నీటి మరకల్లా కదులుతూ కనపడుతుంది. నా మొదటి రీలు అలాగే పాడైంది, మళ్ళీ రెండుసార్లు పొడిగుడ్డతో లాగాల్సి వచ్చింది. మైనం పాత పద్ధతి కదా, అసలు 40 ఏళ్ళ ప్రింట్‌కు మైనం అవసరమా?

ల్యాబ్‌లైట్ | మే 9, ఉదయం 9:20

నా ఉద్దేశంలో అవసరం లేదు. అంచులకు మైనం పట్టించేది కొత్త ప్రింట్లకు. ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చిన ప్రింట్‌లో ఎమల్షన్ ఇంకా పచ్చిగా ఉంటుంది. గేటు వేడికి మెత్తబడి, గేటు పట్టీల మీద పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు గట్టిపడి ఫిల్మ్‌ను గీకుతుంది, బొమ్మ ఎగురుతుంది. అందుకే మైనం. నలభై ఏళ్ళ ప్రింట్‌లో ఎమల్షన్ ఎండి గట్టిపడి ఉంటుంది.

కార్బన్‌కడ్డీ | మే 9, ఉదయం 11:15

ల్యాబ్‌లైట్ గారూ, మీరు ప్రింట్ తయారుచేసి పంపిన చోటు నుంచి చూస్తున్నారు. నేను నూరో ఆట చూసిన చోటు నుంచి చెబుతున్నాను. ఉన్న మైనమంతా మాస్టారి ఆల్కహాల్‌తోనో, మా సి.టి.సి.తోనో తుడిచేశాక పాత ప్రింట్ కూడా గేటులో అరుస్తుంది. కిర్రుమనే ఆ శబ్దం క్యాబిన్‌లో కూర్చున్నవాడికి గుండెల్లో వినపడుతుంది. తుడిచిన ప్రింట్‌కు ఎంతో కొంత జారుడు తిరిగివ్వాల్సిందే.

ల్యాబ్‌లైట్ | మే 9, మధ్యాహ్నం 12:02

అది ఒప్పుకుంటున్నాను. ద్రవంతో తుడిస్తే పైనున్న జారుడు పొర పోతుంది. నేను తుడవని ప్రింట్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పాను. అయితే ఒక షరతు. మైనం బొమ్మ మీదికి గానీ సౌండ్ ట్రాక్ మీదికి గానీ రాకూడదు. అంచు నుంచి సుమారు 5 మిల్లీమీటర్లు, కన్నాల వరుస వరకే. ఇది 1983 ప్రింట్ కాబట్టి కన్నాల మధ్య ఏమీ ఉండదు. తర్వాతి కాలం డాల్బీ డిజిటల్ ప్రింట్లలో కన్నాల మధ్యే సౌండ్ ఉంటుంది, వాటికి మైనం పెడితే డిజిటల్ సౌండ్ తెగిపోయి మామూలు ట్రాక్ మీద పడుతుంది. ఎవరైనా 2000 తర్వాతి ప్రింట్‌కు ఈ చర్చ చూసి మైనం పెట్టొద్దు.

కార్బన్‌కడ్డీ | మే 9, మధ్యాహ్నం 12:40

సరిగ్గా చెప్పారు. ఎలా పెట్టాలంటే, తెల్ల కొవ్వొత్తిని, రంగూ సెంటూ లేనిదాన్ని, మల్లు గుడ్డ మడత మీద గట్టిగా రుద్ది, ఇంకో గుడ్డతో ఆ మైనాన్ని సగం తుడిచెయ్. మిగిలిన ఆ మడతతో ఎమల్షన్ వైపు కన్నాల వరుసను మాత్రం తాకిస్తూ తిప్పు. కంటికి కనపడితే ఎక్కువైనట్టు. ఏది ఎమల్షన్ వైపో తెలియకపోతే, లీడర్ మీద, బొమ్మ లేని చోట, తడి పెదవికి తాకించు. అంటుకున్నది ఎమల్షన్.

తెనాలి ఆయన మిషన్ గేటు కూడా ముందే శుభ్రం చేయమను. పెచ్చు ఉంటే ఇత్తడి ముక్కతోనో చెక్క పుల్లతోనో తీయాలి. ఉక్కు తాకించారంటే గేటు మీద గీత పడి, అది ప్రతి ప్రింట్‌నూ గీస్తుంది.

సింగిల్‌స్క్రీన్ | మే 9, రాత్రి 9:30

కొబ్బరి నూనె సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఒక డౌట్. గీతల్లో కొన్ని నల్లగా, కొన్ని ఆకుపచ్చగా ఎందుకు కనపడతాయి? చిన్నప్పటి నుంచి ఉన్న ప్రశ్న ఇది.

ల్యాబ్‌లైట్ | మే 9, రాత్రి 10:10

మంచి ప్రశ్న. నల్ల గీత బేసు వైపు గీత. అక్కడ వెలుగు పక్కకు చెదిరి తెరకు చేరదు కాబట్టి నలుపు. రంగు ఏమీ పోలేదు. అందుకే ఏదైనా ద్రవం నిండితే మాయమవుతుంది, మీ ఆపరేటర్ నూనె పనిచేసిందీ అందుకే. పచ్చ గీత ఎమల్షన్ వైపు గీత. ప్రింట్‌లో పై పొర మెజెంటా, దాని కింద సయాన్, అడుగున పసుపు. పై పొర గీసుకుపోతే మిగిలిన రెండూ కలిసి ఆకుపచ్చ. ఇంకా లోతుకు పోతే పసుపు, మూడూ పోతే తెలుపు. పచ్చ గీతను గుడ్డా, ద్రవమూ, మైనమూ ఏవీ బాగుచేయలేవు.

కృష్ణాతీరం గారూ, మీ ప్రింట్ ఎర్రబారి ఉంటే దానికి కూడా శుభ్రం చేయడం మందు కాదు. ఆ కాలం స్టాక్‌లో సయాన్ రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది, మిగిలేది గులాబీ. తాతయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.

కృష్ణాతీరం | మే 18, రాత్రి 11:50

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆరు రీళ్ళు పూర్తయ్యాయి.

వరండాలో బల్ల వేసి, పొద్దున ఆరింటి నుంచి ఎండ ఎక్కేవరకు చేస్తున్నాం. నేను గుడ్డ, మా చెల్లి రివైండర్. మొదటి రీలుకు 23 గుడ్డ ముక్కలు పట్టాయి. మొదటి ముక్క తీసి చూస్తే మధ్యలో పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత. వేలితో రుద్దితే గరగరలాడింది. కార్బన్‌కడ్డీ గారూ, అది చూశాకే మీరు గుడ్డ గురించి అంత ఎందుకు చెప్పారో అర్థమైంది. నాలుగో రీలుకు వచ్చేసరికి వేళ్ళకు ముందే తెలిసిపోతోంది, జాయింట్ వస్తోందని. ఒక జాయింట్ దగ్గర తాతయ్య ఆపమన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, “ఇది నేను వేసిందే” అన్నారు. ఎలా తెలుసంటే, ఆయన సిమెంట్ గీకేటప్పుడు ఎడమ వైపు కాస్త ఎక్కువ గీకేవారట. నిజంగానే ఎడమ వైపు మసకగా ఉంది.

రెండో రీల్లో ఒక తప్పు చేశాను. గుడ్డ కొంచెం ఎక్కువ తడిసింది, ఓ ఇరవై అడుగులు ఆరకుండానే చుట్టలోకి పోయాయి. వెంటనే వెనక్కి తిప్పి ఆరనిచ్చాను. అంటుకోలేదు గానీ రెండు మూడు చోట్ల మరక కనపడుతోంది. పొడి గుడ్డతో తుడిస్తే కొంత పోయింది.

ఆదివారం తెనాలి వెళ్ళాం, మొదటి రీలు మాత్రం తీసుకుని. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. గేటు ఆయనే ఇత్తడి ముక్కతో శుభ్రం చేసి ఉంచారు. గోడ మీద ఎనిమిదడుగుల తెర. ఫిల్మ్ కిర్రుమనలేదు, మెత్తగా పోయింది. రంగు గులాబీకి తిరిగింది, ముందే చెప్పాను కాబట్టి తాతయ్య ఏమీ అనలేదు. ఎడమ పక్క ఒక పచ్చ గీత మొదటి నుంచి చివరి వరకు ఉంది. 11 నిమిషాలూ ఆయన తెర వైపు చూడలేదు. కుర్చీ వెనక్కి తిప్పి ప్రొజెక్టర్ వైపే చూస్తూ కూర్చున్నారు. రీలు చివర కుడి పై మూలలో, రెండో మిషన్‌కు మారమని చెప్పే చుక్క పడింది. తెర వైపు చూడకుండానే, ఆ క్షణానికి సరిగ్గా, ఆయన చెయ్యి రెండో మిషన్ ఉండాల్సిన వైపు లేచింది.

రివైండర్‌పిల్ల | మే 19, ఉదయం 6:15

మా నాన్న చెయ్యి కూడా అలాగే లేచేది. ఇంట్లో టీవీలో పాత సినిమా వస్తున్నా సరే.

కార్బన్‌కడ్డీ | మే 19, ఉదయం 7:00

బాబూ, తాతయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. జాయింట్ ఎడమ వైపు ఎక్కువ గీకేవారంటే జాయింట్ వేసే పరికరం, స్ప్లైసర్, ఒకవైపు అరిగి ఉంటుంది, ఆయన చేతి తప్పు అయ్యుండదు.

శుభ్రం చేసిన రీళ్ళు తిరిగి ఆ తుప్పు డబ్బాల్లో పెట్టొద్దు. గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకో, పడుకోబెట్టి ఉంచు, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో. 9వ రీలుకు తడి గుడ్డ వద్దు, పొడిగా ఒక్కసారి, మెల్లగా చాలు. మెషిన్‌లో పెట్టే ముందు మళ్ళీ కన్నాలు కొలిచి చూడు.

ల్యాబ్‌లైట్ | మే 19, ఉదయం 10:25

13వ రీలు గురించి ఒక మాట. ప్రొజెక్టర్‌లో వేయలేకపోయినా, కుంచించుకుపోయిన ఫిల్మ్‌ను స్కాన్ చేసే మిషన్లు ఉన్నాయి. వాటికి స్ప్రాకెట్ పళ్ళు ఉండవు, రోలర్ల మీదుగా లాగుతాయి. కాబట్టి దాన్ని బలవంతంగా సాపు చేయడానికి ప్రయత్నించకండి. వదులుగా చుట్టి, విడిగా పెట్టి, ఆర్కైవ్ వాళ్ళకు ఉత్తరం రాయండి. ఉత్తరంలో రీలు నంబరు, అంచు మీద ఉన్న గుర్తులు, కన్నాల కొలత రాస్తే వాళ్ళకు సగం పని అయిపోతుంది. ఊరందరికీ వేసే ఆలోచన ఉంటే హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా కనుక్కోవాలి.

కృష్ణాతీరం | మే 19, రాత్రి 9:05

ఉత్తరం ఈ రోజే రాశాను. 13వ రీలును చెల్లి తన గదిలో, బీరువా పైన కాకుండా కింద, నేల మీద పలక వేసి పెట్టింది.

రేపు ఏడో రీలు. పంచెలు అయిపోయాయి. ఆరోది కూడా కత్తిరించేశాను, అమ్మ ఊరుకోవట్లేదు. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఎవరి దగ్గరైనా పాత మల్లు పంచెలు ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను. జరీ లేనివి.